వైట్ హార్స్ ఫైనల్, 1923

ఎఫ్.ఏ. కప్ ఫుట్‌బాల్ పోటీలో బోల్టన్ వాండరర్స్, వెస్ట్ హామ్ యునైటెడ్ జట్ల మధ్య 1923 ఏప్రిల్ 28న జరిగిన ఫైనల్‌కు వాడుక పేరు. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఆడిన మొదటి మ్యాచ్ ఇదే. బోల్టన్ 2-0 తేడాతో గెలిచింది.

1872లో కెన్నింగ్టన్ ఓవల్‌లో మొదలైన ఎఫ్.ఏ. కప్ ఫైనల్ చాలా కాలం క్రిస్టల్ ప్యాలెస్‌లోనూ, 1920 నుంచి 1922 వరకు స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లోనూ జరిగింది.

1923లో ఫైనల్ వెంబ్లీకి మారింది. ఆ కొత్త స్టేడియం మ్యాచ్‌కు కొద్ది రోజుల ముందే పూర్తయింది. అంత పెద్ద మైదానం నిండదనే ధీమాతో నిర్వాహకులు జనాన్ని ముందస్తు టికెట్లకే పరిమితం చేయలేదు. పైగా ఎండ కాసిన శనివారం, ఆడేది లండన్ జట్టు. మధ్యాహ్నం 1.45కు గేట్లు మూసినా జనం గోడలెక్కి దూకారు. అధికారిక లెక్క 1,26,047. నిజానికి రెండు లక్షలకు పైనే వచ్చారని అంచనా. మైదానమంతా మనుషులే. ఐదో జార్జి చక్రవర్తి వచ్చే వేళకు ఆటకు చోటు లేదు.

అప్పుడు పోలీసు కానిస్టేబుల్ జార్జ్ స్కోరీ, బిల్లీ అనే గుర్రం మీద నెమ్మదిగా తిరుగుతూ జనాన్ని గీత అవతలికి జరిపాడు. తక్కిన పోలీసులూ శ్రమించారు కానీ, న్యూస్‌రీల్‌లో కొట్టొచ్చినట్టు కనబడింది ఆ గుర్రమే. ఖ్యాతీ దానికే దక్కింది. నిజానికి అది బూడిదరంగుది, నలుపు తెలుపు ఫిల్ములో తెల్లగా పడింది. స్కోరీ ఓర్పు మెచ్చుకోదగ్గది.

ఆట ముప్పావు గంట ఆలస్యంగా మొదలైంది. రెండో నిమిషంలో డేవిడ్ జాక్ వెంబ్లీ తొలి గోల్ కొట్టాడు. ఆ క్షణానికి వెస్ట్ హామ్ ఆటగాడు జాక్ ట్రెసడర్న్ త్రో వేయబోయి జనంలోనే ఇరుక్కుపోయి ఉన్నాడు. విరామంలోనూ జట్లు మైదానం వదల్లేకపోయాయి. ద్వితీయార్ధంలో జాక్ స్మిత్ కొట్టిన రెండో గోల్‌పై వివాదం రేగింది. బంతి స్తంభానికి తగిలి వెనక్కి వచ్చిందని వెస్ట్ హామ్ వాదన. గోల్‌లోకి వెళ్లి, వలను ఆనుకుని నిలబడ్డ జనానికి తగిలి బయటికొచ్చిందని రెఫరీ నిర్ణయం.

మరుసటి ఏడాది నుంచి ముందస్తు టికెట్ ఉన్నవారికే ప్రవేశం. ఈ మార్పును ఆ రోజు తొక్కిసలాటే నేర్పింది. బోల్టన్ 1926, 1929లలో మళ్లీ కప్పు గెలిచింది. 1923 నాటి బోల్టన్ కెప్టెన్ జో స్మిత్ తరువాత బ్లాక్‌పూల్ మేనేజరయ్యాడు. 1953 ఫైనల్‌లో ఆ జట్టు బోల్టన్‌నే 4-3తో ఓడించింది.