మషీన్ కోడ్ రాస్తే, ఇన్సాన్‌కి పనేముంది?

మొన్న మా చోటీ బహెన్ ఫోన్ చేసింది. మా భాంజీకి ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్ సీటొచ్చింది. ఖుషీగా చెప్పాల్సిన మాట ఫిక్ర్‌తో చెప్పింది. "కోడంతా ఇప్పుడు ఏఐయే రాస్తుందంట కదా భాయిజాన్! నాలుగేళ్లు ఫీజు కట్టి ఏం ఫాయిదా? వేరే బ్రాంచ్ తీసుకోమందామా?"

నేను నజూమీని కాను, రేపటి సంగతి చెప్పలేను. కానీ ఇలాంటి వాదా తారీఖ్‌లో ఇది మొదటిసారి కాదు.

1950లలో కంప్యూటర్‌కి పని చెప్పాలంటే దాని నంబర్ల జబాన్‌లో ఒక్కో అడుగూ రాసివ్వాలి. ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్ తయారుచేస్తూ 1954లో ఒక రిపోర్ట్ రాసింది. ఇది వస్తే కోడింగూ, గలతీలు వెతికే పనీ దాదాపు ఖతమ్ అవుతాయని అందులో ఉమీద్. 1957లో ఫోర్ట్రాన్ వచ్చింది. నంబర్లతో రాసే మెహనత్ నిజంగానే చాలావరకు పోయింది. రాయడం ఆసాన్ అయ్యేసరికి జనం ఇంకా పెద్ద పనులు కంప్యూటర్‌కి అప్పజెప్పారు. ప్రోగ్రాములు పెరిగాయి, వాటితో పరేషానీ పెరిగింది. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో కాన్ఫరెన్స్ పెట్టింది ఈ పరేషానీ గురించే. 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్' అన్న పేరు మషూర్ అయింది అక్కడినుంచే.

ఆలోపే కోబాల్ వచ్చింది. 1959లో షురూ చేసిన ఈ భాషని మామూలు ఇంగ్లీషు వాక్యాల్లా చదువుకునేలా తయారుచేశారు. అప్పట్లో మెమరీ చాలా ఖరీదు. 1965ని 65 అని రాసి జాగా మిగిల్చుకున్నారు. 2000 దగ్గరపడేసరికి 00 అంటే ఏ సంవత్సరమో మషీన్‌కి తెలియని ముసీబత్ వచ్చిపడింది. నా దోస్తులు కొందరు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా వెళ్లింది దానికే. ఎవరో ఎప్పుడో రాసిన కోడ్ చదివి, సంవత్సరం ఎక్కడెక్కడ దాగుందో పట్టుకోవడమే వాళ్ల నౌకరీ.

ఇంకో వాకియా చెప్తాను. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియన్ 5 రాకెట్ మొదటిసారి పైకి లేచింది. నిమిషం కూడా నిండకుండానే దారి తప్పి ముక్కలైంది. అందులో పాత ఏరియన్ 4 నుంచి తెచ్చిన కోడ్ ఉంది. పాత రాకెట్‌లో అది సరిగ్గానే నడిచింది. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. ఆ వేగం లెక్క, దానికి కోడ్‌లో ఇచ్చిన చిన్న జాగాలో పట్టలేదు. అసలు ఆ లెక్కతో రాకెట్ పైకి లేచాక పనే లేదు!

2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాయి. నేనూ వాడి చూశాను. అడిగిన నిమిషంలో సాఫ్‌గా కోడ్ రాసిస్తాయి. అవి నేర్చుకున్నది ఇన్సాన్లు రాసిపెట్టిన పాత కోడ్ నుంచే. గలత్ జవాబైనా అదే యకీన్‌తో చెప్తాయి. ఈ కోడ్ ఈ రాకెట్‌కి సరిపోతుందా, ఈ దవాఖానా మందుల లెక్కకి సరిపోతుందా అని అడిగే జిమ్మేదారీ మనిషిదే. అది అడగాలంటే లోపల ఏం జరుగుతుందో తెలిసుండాలి.

ఝూట్ చెప్పను. చెప్పింది చెప్పినట్టు టైప్ చేసే నౌకరీలు తగ్గొచ్చు. అందుకే భాంజీతో ఫోన్‌లో ఒకటే చెప్పాను: "బేటా, ముందు నువ్వు రాయి, తర్వాత మషీన్‌ని అడుగు. అది ఇచ్చిన ప్రతి లైనూ ఎందుకుందో నువ్వు చెప్పగలగాలి."

రాకెట్ కిస్సా విని కాసేపు చుప్‌గా ఉంది. తర్వాత అడిగింది, "మామూ, ఎగరేసే ముందు టెస్ట్ చేయలేదా?"

చేశారు. కానీ కొత్త రాకెట్ ప్రయాణం లెక్కలతో ఆ భాగాన్ని టెస్ట్ చేయలేదని తర్వాత జరిగిన తహకీకాత్‌లో తేలింది.

ఫోన్ మళ్లీ వాళ్ల అమ్మీకి ఇమ్మన్నాను. "ఫీజు కట్టేయ్," అన్నాను.