గుమ్మం ఎత్తయిందని అరుగు కట్టినవాడు

కొత్త పదం పక్కన అర్థం రాసి బట్టీ పట్టించడం కంటే వాక్యంలో పెట్టి చూపించడం మేలని ఇవాళ ఏ టీచర్‌నడిగినా చెబుతారు. చిక్కంతా ఆ తర్వాతే. ఎలాంటి వాక్యం? ఎంత పొడవుది? ఏ వయసు పిల్లకి? ఈ చిక్కుతో పాతికేళ్ళకు పైగా కుస్తీ పట్టినవాడు కొమీనియస్.

ఇప్పటి చెక్ దేశంలోని మొరేవియాలో 1592లో పుట్టాడు. ప్రొటెస్టెంట్ మతగురువు. భార్యనీ బిడ్డల్నీ ప్లేగు తీసుకుపోయింది. మతయుద్ధం 1628లో దేశమే దాటించింది. పోలండ్‌లోని లెష్నోలో తలదాచుకుని, అక్కడి బడిలో పాఠాలు చెప్పాడు. అప్పట్లో లాటిన్ చదువంటే సూత్రాలూ బెత్తమూను.

వాక్యాలతో పదాలు నేర్పే ఆలోచన అతనిదే కాదు. స్పెయిన్‌లో ఉన్న ఐర్లండ్ జెసూట్లు 1611లోనే అలాంటి పుస్తకం వేశారు. కాకపోతే అందులో ఒక వాక్యానికీ పక్కదానికీ పొత్తు లేదు. కొమీనియస్ 1631లో తెచ్చిన 'యానువా' (గుమ్మం అని అర్థం) దాన్ని సరిచేసింది. నిప్పు, నీరు, చెట్లు, శరీరం, చేతిపనులు... ఇలా 100 అధ్యాయాలు. 1,000 వాక్యాల్లో సుమారు 8,000 పదాలు. మొదట పొట్టి వాక్యాలు, పోనుపోను పొడవైనవి. యూరప్ అంతా ఎగబడి అనువదించుకుంది.

కానీ లెక్క చూడండి: సగటున వాక్యానికి ఎనిమిది కొత్త పదాలు! పైగా ఒక్కో పదం దాదాపు ఒక్కసారే వస్తుంది. ఒక్కపూట కనబడి వెళ్ళిపోయిన చుట్టం పేరు ఏ పిల్లకి గుర్తుంటుంది?

మన వీధిబడుల అమరకోశం సరిగ్గా దీనికి తిరగేత. అదీ పదాల్ని స్వర్గవర్గం, వారివర్గం, వనౌషధివర్గం అంటూ విషయాలవారీగానే పేర్చింది. ఛందస్సు ఉంది, రోజూ వల్లెవేయడం ఉంది, కాబట్టి నోటికి వచ్చేది. లేనిదల్లా వాక్యం. నీళ్ళకు పాతిక పేర్లు గడగడా అప్పజెప్పే కుర్రాడికి వాటిలో ఒక్కదాన్నయినా ఎక్కడ వాడాలో ఆ పుస్తకం చెప్పదు. రెంట్లో ఏది నయమంటే, నాకైతే కొమీనియస్ వైపే మొగ్గు. ఎందుకంటే పిల్లలకు అందలేదని తెలియగానే అతను పిల్లల్ని తప్పుపట్టలేదు, ఇంకాస్త కిందికి దిగాడు. 1633లో 'వెస్టిబ్యులమ్' రాశాడు. గుమ్మం ముందు అరుగన్నమాట. సుమారు 1,000 పదాలే.

అదీ చాలలేదు. 1650 తర్వాత హంగరీలో పాఠాలు చెబుతూ బొమ్మల పుస్తకం మొదలుపెట్టాడు. బొమ్మలో ప్రతి వస్తువుకీ ఒక అంకె, కింద వాక్యంలో ఆ పదం దగ్గర అదే అంకె. (చివర్లో నీతి, అంతిమ తీర్పు లాంటి అధ్యాయాలొచ్చేసరికి బొమ్మలకు ఊపిరాడదు, అది వేరే సంగతి.)

అది అచ్చయ్యేలోపే, 1656లో, లెష్నో తగలబడింది. 1612 నుంచి కూడబెట్టుకుంటూ వచ్చిన చెక్ భాష మహానిఘంటువు రాతప్రతి ఆ మంటల్లో పోయింది. దాన్ని మళ్ళీ రాయలేకపోయాడు.

రెండేళ్ళకు, 1658లో, న్యూరెంబర్గ్‌లో బొమ్మల పుస్తకం 'ఆర్బిస్ పిక్టస్' అచ్చయింది. లాటిన్ పక్కనే జర్మన్, 150 అధ్యాయాలు. అక్షరాల పేజీలో వాక్యాలు చాలావరకు జంతువుల అరుపుల మీదే. మొట్టమొదటిది కాకి.