మాట ఇంట్లో వస్తుంది, రాత నేర్పితేనే వస్తుంది

ఖరగ్‌పూర్ తెలుగు బస్తీల్లో మూడో తరం పిల్లల్ని చూడండి. ఇంట్లో శ్రీకాకుళం యాసలో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ గడగడా మాట్లాడతారు. తాత రాసిన కార్డుముక్క చేతికిస్తే మాత్రం చదవలేరు. అది తెలివి తక్కువై కాదు. మాట్లాడడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చుట్టూ నలుగురు మాట్లాడుతుంటే బిడ్డకు అదే వస్తుంది. రాత అలా రాదు. పలక కావాలి, గురువు కావాలి, తీరిక కావాలి. నేర్పితేనే వచ్చేది కనుక, నేర్పకుండా ఆపడమూ సాధ్యమే. మన జాతులను తరతరాలు అలాగే ఆపారు.

బుద్ధ భగవానుడు ఏ గ్రంథమూ రాయలేదు. ఆయన బోధను భిక్ఖువులు కంఠస్థం చేసి, కలిసి వల్లిస్తూ కాపాడారు. బోధను ఛందస్సులోకి మారుస్తామని ఇద్దరు బ్రాహ్మణ భిక్ఖువులు అడిగితే ఆయన ఒప్పుకోలేదని, ఎవరి భాషలో వారు నేర్చుకోమన్నారని వినయపిటకం చెబుతుంది. తిపిటకం తాళపత్రాలకు ఎక్కింది క్రీస్తు పూర్వం 1వ శతాబ్దంలో, సింహళంలో. కరవులు, యుద్ధాల్లో వల్లించేవారే మిగలరేమోనన్న భయం అందుకు కారణమని అక్కడి సంప్రదాయం.

అశోకుడు అంతకు ముందే రాతికి ఎక్కించాడు. మన పెద్దలు బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికోసం వచ్చిన దారిలోనే, ఒడిశాలో, ధౌళి, జౌగడ శాసనాలున్నాయి. తిష్య నక్షత్రం రోజున దీన్ని అందరికీ వినిపించాలని, ఒక్కడున్నా వినిపించవచ్చని అందులో ఉంది. చదవలేని ప్రజలకు రాత మళ్లీ మాటగా మారితేనే చేరుతుందని ఆ రాజుకు తెలుసు. తర్వాత బ్రాహ్మీ లిపిని నేర్పేవారు లేకపోయారు. రాళ్లు ఉన్నాయి, అక్షరాలూ ఉన్నాయి, చదివేవాడే లేడు. సాంచీ శాసనాల్లోని ‘దానం’ అనే మాట ఆధారంగా 1837లో కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ ఆ తాళం తీశాడు.

అదే బెంగాల్‌లో 1858లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద సంతకంతో తృప్తిపడక అరచేతి ముద్ర కూడా వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. అక్షరం రానివాడికి బొటనవేలే సంతకమైంది.

నేను చదివిన న్యాయశాస్త్రంలో ఒక కఠినమైన సూత్రం ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టం 91, 92 సెక్షన్ల ప్రకారం, ఒప్పందం కాగితానికి ఎక్కాక షరతులకు ఆ కాగితమే సాక్ష్యం. కొన్ని మినహాయింపులు తప్ప, నోటిమాటతో దాన్ని మార్చలేరు. 2023 చట్టంలోనూ ఈ సూత్రం మారలేదు. ఒకసారి మా బస్తీ అవ్వ ఒకావిడ అప్పు కాగితం తెచ్చింది. ఆమెకు చెప్పిన వడ్డీ ఒకటి, కాగితంలో ఉన్నది ఇంకొకటి. కింద ఆమె వేలిముద్ర. “నాను ఇన్నది ఇది కాదు బాబూ” అంది. నాలుగు భాషలు మాట్లాడే మనిషి! ఒక్క అక్షరం రాకపోవడం వల్ల ఓడిపోయింది.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మంది 22 ప్రతిజ్ఞలను బాబాసాహెబ్ నోట విని పలికారు. వారిలో చదువురానివారు ఎందరో. వారు చెవితో అందుకున్నదాన్ని మనం ఈనాడు కళ్లతో చదువుతున్నామంటే అది రాతలో నిలిచినందుకే. మాట మనల్ని కలిపింది, రాత నిలబెట్టింది. మనకు రెండూ కావాలి.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. సంతోషం. అయితే హోదా పలక పట్టించదు. ఆ పని మనది. ఆదివారం వందన అయ్యాక ఒక్క గంట ఆగి, పక్కన కూర్చున్న పిల్లకో, అవ్వకో నాలుగు అక్షరాలు దిద్దించండి.

జై భీమ్. నమో బుద్ధాయ.