కోట బురుజు నుండి కెమెరా కావలి దాఁక

జఫర్‌గఢ్ కోటను మీరెల్లరు నెఱుఁగుదురు. వేల్పుగొండ యని పూర్వము పిలువఁబడిన యీ స్థలమునకు, 18వ శతాబ్దమున, నిజాము కొలువులోని జఫరుద్దౌలా పేరు వచ్చినది. కోటకు బురుజు, బురుజునకు కావలివాఁడు ఉండవలెను గదా! అయితే కావలివాఁడు చూచినది వాని జ్ఞాపకమునందే యుండెడిది. చూచుట వేఱు, చూచినదానిని దాఁచుట వేఱు. ఈ రెండును కలిసిన కథయే కెమెరా కావలి చరిత్ర.

1942లో జర్మనీ దేశపు పేనెమ్యుండెలో, రాకెట్టుల ప్రయోగమును దూరమునుండి చూచుటకై తీఁగలద్వారా బొమ్మను పంపు కెమెరాల నమర్చిరి. 1956లో అమెరికాలోని ఆంపెక్సు సంస్థ బొమ్మను అయస్కాంతపు టేపుపై నిలుపు యంత్రమును వెలువరించినది. పిమ్మట టేపు స్థానమును హార్డుడిస్కు ఆక్రమించినది. మన ప్రాంతమున 2013వ సంవత్సరపు ప్రజాభద్రతా చట్టము, జనము కూడు సంస్థలు కెమెరాలు నిలిపి, 30 దినముల దృశ్యములను భద్రపఱుపవలెనని విధించినది. పోలీసువారి ‘నేను సైతం’ పథకమున గ్రామస్థులును చందాలు వేసికొని కూడళ్లలో కెమెరాలు పెట్టించిరి.

కాని కెమెరాను స్తంభమునకు బిగించినంతనే కావలి కుదురదు. రికార్డరునందు ప్రతి కెమెరాకు నొక స్థానము గలదు, దానిని చానెలందురు. పాతతరహా కెమెరా తీఁగను ఆ చానెలునకు తగిలింపవలెను. నెట్‌వర్కు కెమెరా యైనచో దాని ఐపీ చిరునామాను, పాస్‌వర్డును రికార్డరునకుఁ దెలుపవలెను. పిదప చానెలునకు ‘బస్టాండు’, ‘కోట దారి’ యని స్థలనామము వ్రాసి, రికార్డు చేయు వేళలను నిర్ణయింపవలెను. ఈ నిర్ణయము లేనిచో తెరపై బొమ్మ కనఁబడుచున్నను, మఱునాఁటికి మిగులునది శూన్యము.

సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఒక కెమెరా దినమునకు 21 గిగాబైట్లకు పైగా వ్రాయును. 8 కెమెరాలకు 30 దినములకు 5 టెరాబైట్లు దాఁటును. డిస్కు చిన్నదైనచో పాతదానిపై క్రొత్తది పడి, కావలసిన దినమే మాసిపోవును.

అన్నిటికంటె ముఖ్యము గడియారము. అది ఒక గంట తప్పినచో, దొంగతనము జరిగిన వేళ పొలమునందున్న నిర్దోషి కూడలిలో నున్నట్లు కనఁబడును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము, ఇట్టి రికార్డు ధ్రువపత్రముతోఁ గూడి న్యాయస్థానమున సాక్ష్యమగును. గడియారము తప్పిన రికార్డు కూటసాక్షి వంటిది.

కావున చందాకు వచ్చినవారిని, కెమెరాలెన్ని యని మాత్రమే యడుగకుఁడు; గతమాసపు దినమొకటి తీసి చూపుఁడని యడుగుఁడు. కావలివాఁడు నిద్రించినచో బురుజెంత యెత్తైనను ఫలమేమి?