సాహిత్యోత్సవం లెక్కలో లేని అండమాన్ భాషలు

కేంద్ర సాహిత్య అకాడమీ ఏటా దిల్లీలో నిర్వహించే సాహిత్యోత్సవం దేశంలోని పెద్ద బహుభాషా సాహిత్య సభల్లో ఒకటి. అవార్డుల ప్రదానం, చర్చలతో పాటు కవులు, కథకులు తమ తమ భాషల్లో రచనలు చదివి వినిపిస్తారు. అకాడమీకి 70 ఏళ్లు నిండిన సందర్భంగా 2024 మార్చిలో జరిగిన ఉత్సవానికి 1,100 మందికి పైగా రచయితలు వస్తున్నారని, 175కు పైగా భాషలకు ప్రాతినిధ్యం ఉంటుందని అకాడమీ ప్రకటించింది.

అయితే, అకాడమీ గుర్తించిన భాషలు 24 మాత్రమే. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషలు, వాటికి అదనంగా ఇంగ్లిష్, రాజస్థానీ. వార్షిక అవార్డులు వీటికే. ఈ జాబితాలో లేని భాషల కోసం 1996లో భాషా సమ్మాన్‌ను ప్రవేశపెట్టారు.

ఈ ఏర్పాటు ఎక్కడ ఇరుకున పడుతుందో అండమాన్ నికోబార్ దీవులను చూస్తే తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది దాదాపు 3.8 లక్షల మంది. వారిలో బెంగాలీ మాతృభాషగా ఉన్నవారు 28 శాతం, హిందీ 19, తమిళం 15, తెలుగు 13 శాతం. అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరిది తెలుగు ఇల్లు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్లిన కుటుంబాలే ఇందులో ఎక్కువ. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) తెలుగులో రాసేవారికి ఒడ్డు దాటితే పత్రికలున్నాయి, ప్రచురణకర్తలున్నారు, అకాడమీలో తెలుగుకు విడిగా అవార్డుంది.

ఈ నాలుగూ సముద్రం దాటి వచ్చిన భాషలే. ఎనిమిదో షెడ్యూల్లో ఉన్నవీ ఇవే. దీవుల్లోనే పుట్టిన భాష ఒక్కటీ అందులో లేదు.

వాటిలో నికోబారీ పరిస్థితి కాస్త నయం. మాట్లాడేవారు దాదాపు 29 వేల మంది ఉన్నారు. తొలి లోక్‌సభలో సభ్యుడైన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ బైబిల్‌ను కార్ నికోబారీలోకి అనువదించారు. రోమన్ లిపిలో రాసుకుంటారు.

గ్రేట్ అండమానీస్ సంగతి వేరు. ఇది ఒక భాష కాదు, ఒకప్పుడు పది తెగలు మాట్లాడిన భాషల కుటుంబం. బ్రిటిష్ వలస, దాంతో వచ్చిన అంటువ్యాధులు ఆ తెగలను తుడిచిపెట్టాయి. మిగిలినవారి సంఖ్య కొన్ని పదుల్లోనే ఉంది, ఇళ్లలో ఇప్పుడు వినిపించేది హిందీ. బో భాష తెలిసిన చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరి 26న మరణించారు. తన మాట అర్థమయ్యే మనిషి లేక ఆమె పక్షులతో మాట్లాడేవారని భాషా శాస్త్రవేత్త అన్వితా అబ్బీ చెప్పారు.

అబ్బీ 2005 నుంచి ఈ భాషలను నమోదు చేశారు, నిఘంటువు తెచ్చారు. నావో జూనియర్ అనే పెద్దమనిషి దగ్గర కథలు సేకరించారు. చిన్నప్పుడు విన్నవి, చెప్పి దశాబ్దాలైనవి. అడిగి, ఆగి, గుర్తు చేసుకునే దాకా ఎదురుచూసి రాసుకోవాల్సి వచ్చింది. ఆయన 2009లో చనిపోయారు. ఆ కథలు, బోవా సీనియర్ పాటలు కలిపి 2021లో ‘వాయిసెస్ ఫ్రమ్ ద లాస్ట్ హొరైజన్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. రికార్డింగులనూ జతచేశారు.

అవార్డుకు పుస్తకం కావాలి, దానికో రచయిత కావాలి. నావో చెప్పినవాటికి లిపి లేదు, అవి ఏ ఒక్కరి రచనా కాదు. అకాడమీకి గిరిజన, మౌఖిక సాహిత్యం కోసం విడిగా ఒక కేంద్రం ఉంది, ఉత్సవంలో గిరిజన రచయితల సమావేశాలూ జరుగుతున్నాయి. కానీ అక్కడికి రావాలన్నా ఆ భాషలో చెప్పగల మనిషి ఉండాలి. ‘బో’కు 2010 తర్వాత అలాంటివారు లేరు. సారే భాష తెలిసిన చివరి మహిళ లీచో 2020 ఏప్రిల్‌లో కన్నుమూశారు.