ఆదాయపు పన్ను వివరాల గోప్యత: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
చిలకలూరిపేట, ఒంగోలు పట్టణాల నడుమ జాతీయ రహదారిపై ఉన్న మార్టూరు పత్తి, మిరప పండే ప్రాంతం. ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనిది. 1970లో ప్రకాశం జిల్లాలోను, 2022లో బాపట్ల జిల్లాలోను చేరింది. ఇటువంటి ఊళ్లలో రైతు లెక్క ఒక దారిని, వర్తకుని లెక్క మరొక దారిని నడిచాయి. వర్తకుని లెక్కల రహస్యాన్ని చట్టం ఎంతవరకు కాపాడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. రెండు లెక్కలు:
1860లో జేమ్స్ విల్సన్ ప్రవేశపెట్టిన ఆదాయపు పన్ను తాత్కాలికమైనది. 1886 నాటి చట్టం దానిని స్థిరపరచి, వ్యవసాయ ఆదాయాన్ని మినహాయించింది. అందువల్ల రైతు పంట రాబడి పన్ను కార్యాలయం దాకా పోలేదు. అతని భూమి, పైరు వివరాలు కరణం వ్రాసే అడంగల్‌లో ఉండేవి; ఊరిలో అవి దాగేవి కావు. ఆ పంటనే కొని అమ్మే వర్తకుడు మాత్రం చిట్టా, ఆవర్జాలను అధికారి ముందుంచవలసి వచ్చేది. వాటిలో లాభమే కాక అప్పులు, ఖాతాదారుల పేర్లు, కొనుగోలు ధరలు ఉంటాయి. అవి పోటీదారునికి తెలిస్తే బేరం చెడుతుంది, పరపతి దెబ్బతింటుంది.

3. చట్టం కల్పించిన రక్షణ:
1922 చట్టంలోని 54వ సెక్షన్ ఈ వివరాలన్నిటిని రహస్యాలుగా పరిగణించింది. న్యాయస్థానాలు సైతం వాటిని తెప్పించుకొనే వీలు సాధారణంగా ఉండేది కాదు. వెల్లడించిన ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల వరకు జైలుశిక్ష, జరిమానా విధించే వీలుండేది. అధికారికైనా, కాగితాలు సర్దే గుమాస్తాకైనా ఇదే నియమం వర్తించేది. అయితే కమిషనర్ ముందస్తు అనుమతి లేనిదే అభియోగం నడిచేది కాదు. నష్టపోయిన వర్తకుడు తనంతట తాను ఆ ఉద్యోగిని ఈ సెక్షన్ కింద శిక్షింపజేయలేకపోయేవాడు.

4. సడలింపు:
1961 చట్టంలోని 137వ సెక్షన్ ఈ రక్షణను కొనసాగించింది. 1964లో దానిని తొలగించారు. 138వ సెక్షన్ ప్రకారం ప్రజాప్రయోజనం ఉన్నదని కమిషనర్ భావిస్తే సమాచారం ఇచ్చే వీలుండేది. 137వ సెక్షన్ తొలగిన పిమ్మట న్యాయస్థానాలు ఈ పత్రాలను తెప్పించుకోవచ్చునని 1992లో దాగీరాం పిండీలాల్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తేల్చింది. 2012లో గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే వ్యాజ్యంలో అదే న్యాయస్థానం, ఆదాయపు పన్ను రిటర్నులు వ్యక్తిగత సమాచారమని, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే తప్ప సమాచార హక్కు కింద ఇవ్వనక్కరలేదని పేర్కొన్నది.

5. ముగింపు:
సంపూర్ణ నిషేధంగా మొదలైన గోప్యత క్రమంగా ప్రజాప్రయోజనంతో తూచి చూసే నియమంగా మారింది. పన్ను చెల్లించేవాడు నిజం చెప్పాలంటే, చెప్పిన నిజం బజారుకెక్కదన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం చట్టంలోని సెక్షన్ వల్లనే నిలవదు. దస్త్రం చేతిలో ఉన్న ఉద్యోగి నడవడిపైనా ఆధారపడి ఉంటుంది.