వయసు లెక్క, మనసు లెక్క

మద్రాసు ప్రెసిడెన్సీ 1920లోనే బాలల చట్టం తెచ్చుకుంది. నిజాం ఏలుబడిలో ఉన్న కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు అది వర్తించలేదు. హైదరాబాద్ రాష్ట్రానికి అలాంటి చట్టం 1951లో గానీ రాలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా కొంతకాలం ఆంధ్ర ప్రాంతానిదొక చట్టం, తెలంగాణ ప్రాంతానిదొక చట్టం.

దాదాపు దేశమంతటికీ కలిపి 1986లో వచ్చిన జువెనైల్ జస్టిస్ చట్టం బాలుడికి 16, బాలికకు 18 ఏళ్ల హద్దు గీసింది. అప్పటి ఉత్తర తెలంగాణ మామూలుగా లేదు. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 1978లోనే కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఊళ్లకు పోలీసు క్యాంపులు వచ్చాయి. పదహారు నిండిన కుర్రవాడు కేసులో ఇరుక్కుంటే చట్టం దృష్టిలో పెద్దవాడే, వెళ్లేది మామూలు కోర్టుకే. అతడెంత భయపడ్డాడో, రాత్రుళ్లు నిద్రపోతున్నాడో లేదో అడిగే అధికారి ఆ దారిలో ఎక్కడా తగలడు.

బాలల హక్కుల ఒడంబడికను భారత్ 1992లో ఆమోదించింది. ఆ తర్వాత 2000 నాటి చట్టం బాలుడి హద్దునూ 18కి పెంచి, మేజిస్ట్రేటు పక్కన ఇద్దరు సామాజిక కార్యకర్తలను కూర్చోబెట్టి జువెనైల్ జస్టిస్ బోర్డును ఏర్పాటు చేసింది. ఇప్పుడు అమల్లో ఉన్న 2015 చట్టం కింద వచ్చిన నియమావళి ప్రకారం బోర్డు ఎత్తు వేదిక మీద కూర్చోకూడదు, బోను ఉండకూడదు. ప్రొబేషన్ అధికారి 15 రోజుల్లో సామాజిక నివేదిక ఇవ్వాలి. ఇంట్లో ఎవరెవరున్నారు, బడి ఎందుకు మానేశాడు, ఎవరితో తిరుగుతాడు, మత్తు అలవాటుందా, ఎవరైనా కొట్టి హింసించారా: ఇవన్నీ అందులో రాయాలి. నా లెక్కలో ఈ వ్యవస్థ మొత్తంలో విలువైన కాగితం ఇదే. ఓపికగా అడిగి రాసుకుంటే సగం వైద్యం అక్కడే మొదలవుతుంది.

అడగడం ఏ భాషలో? ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు గూడెం నుంచి వచ్చిన గోండు పిల్లవాణ్ని తెలుగులో గద్దించి అడిగితే, అర్థమైనా కాకున్నా "ఆఁ" అంటాడు. ఆ "ఆఁ" నివేదికలో ఒప్పుకోలుగా పడితే తర్వాత ఎంత కౌన్సెలింగ్ చేసి ఏం లాభం? అవసరమైన చోట దుబాసీని ఇవ్వాలని చట్టమే చెబుతోంది.

2012 ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాతి ఆగ్రహంలో తయారైన ఈ 2015 చట్టం మొదటిసారి మనసును లెక్కలోకి తెచ్చింది. తెచ్చిన పద్ధతే వేరు. 16 నుంచి 18 ఏళ్ల మధ్య వయసువారిపై ఘోర నేరం ఆరోపణ వస్తే, వారి మానసిక సామర్థ్యాన్ని బోర్డు మదింపు చేయాలి. పెద్దవారిలా విచారించాలా వద్దా అన్నది ఆ మదింపు మీదే ఆధారపడుతుంది. బోర్డులో బాలల మనస్తత్వ శాస్త్రం చదివినవారు లేకుంటే నిపుణుల సాయం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022 జులైలో, గురుగ్రామ్ పాఠశాల హత్య కేసులో తేల్చింది. మంచి తీర్పే. కాకపోతే ఇక్కడ మనస్తత్వ నిపుణుడు వచ్చేది పిల్లవాడి బాధ తీర్చడానికి కాదు, అతణ్ని ఎటు పంపాలో తేల్చడానికి. మానసిక ఆరోగ్య సేవలు, వ్యసన విముక్తి గురించి అదే చట్టంలోని 53వ సెక్షన్ చెబుతుంది. దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

మళ్లీ భాష సంగతికి వస్తే, పాత ఆదిలాబాద్ 2016లో నాలుగు జిల్లాలైంది. జిల్లాకో బోర్డు ఉండాలన్నది చట్టం. ఈ నాలుగింటిలో కౌన్సెలర్లను తీసుకునేటప్పుడు గోండి, కొలామి, లంబాడీల్లో ఒకటైనా మాట్లాడగలగడాన్ని అర్హతగా పెట్టాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, నియామక ప్రకటనలో ఒక వాక్యం చేరిస్తే చాలు.